కారు మరమ్మతు కేంద్రాల ఎంపిక

కారు సర్వీసును, మరమ్మతులను తయారీ కంపెనీ నియమించిన డీలరు వద్ద చేయించవచ్చును; కంపెనీతో సంబంధం లేని స్వతంత్ర గ్యారేజీలోనూ చేయించవచ్చును. మొదటిదానిని అధీకృత సర్వీస్ సెంటర్ అంటారు. తెలుగువారి వాడుకలో ఇది "కంపెనీ సర్వీసు" లేదా "షోరూం సర్వీసు". రెండవదానికి "మెకానిక్ షెడ్డు", "బయటి మెకానిక్" అన్న పేర్లు కలవు. ఈ రెండింటిలో దేనిని ఎంచుకోవాలన్నది ముఖ్యంగా నాలుగు అంశాలపై ఆధారపడి ఉంటుంది: కారు వయసు, వారంటీ స్థితి, చేయవలసిన పని స్వభావం, అందుబాటులో ఉన్న మెకానిక్ నైపుణ్యం.

కారు కొనేటప్పుడు కొనుగోలుదారుని కోసం అనేక కంపెనీలు పోటీపడతాయి. కొన్న తరువాత మాత్రం ఆ కారుకు సరిపోయే విడిభాగాలు, సాంకేతిక సమాచారం చాలావరకు ఒకే కంపెనీ చేతిలో ఉంటాయి. అందువలన ఈ ఎంపిక యజమాని ఇష్టాయిష్టాలకే పరిమితం కాక, పోటీ చట్టానికి, వినియోగదారుల హక్కులకు సంబంధించిన విషయంగా మారింది. భారతదేశంలో ఈ అంశంపై 2014లో కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా ఇచ్చిన ఉత్తర్వు ముఖ్యమైనది.

నేపథ్యం

1980ల ఆరంభం వరకు భారతదేశపు రోడ్లపై అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని కార్లే అధికంగా కనిపించేవి. వీటిలో కార్బురేటర్, డిస్ట్రిబ్యూటర్, కాంటాక్ట్ పాయింట్లు వంటి యాంత్రిక భాగాలు ఉండేవి. స్పానర్లు, ఫీలర్ గేజి, చెవి, అనుభవం ఉన్న మెకానిక్ చాలా లోపాలను కనిపెట్టగలిగేవాడు. దొరకని భాగాన్ని లేత్ మీద చేయించి అమర్చేవారు. చిన్న వయసులోనే షెడ్డులో చేరి, మేస్త్రీ వద్ద పని నేర్చుకుని, తరువాత సొంత షెడ్డు పెట్టుకోవడం ఈ వృత్తిలో సాధారణ పద్ధతి. పారిశ్రామిక శిక్షణా సంస్థలలో (ఐ.టి.ఐ.) మోటారు వాహన మెకానిక్ కోర్సు చదివి వచ్చేవారు కూడా ఉన్నారు.

1983 డిసెంబరులో మారుతి 800 కారు విడుదల కావడంతో పరిస్థితి మారసాగింది. దేశమంతటా డీలర్లు, అధీకృత వర్క్‌షాపుల వ్యవస్థ విస్తరించింది. 2000 సంవత్సరం నుండి ఉద్గార ప్రమాణాలు కఠినతరం కావడంతో కార్బురేటర్ స్థానంలో ఎలక్ట్రానిక్ ఇంధన ఇంజెక్షన్ వచ్చింది. లోపాలను కారే స్వయంగా గుర్తించి నమోదు చేసే వ్యవస్థ (ఓ.బి.డి.) 2010 ఏప్రిల్ నుండి తొలి దశలోను, 2013 ఏప్రిల్ నుండి రెండవ దశలోను కార్లలో తప్పనిసరి అయింది. 2020 ఏప్రిల్ 1 నుండి బి.ఎస్.-6 ప్రమాణాలు అమలులోకి వచ్చాయి. ఈ మార్పులతో మరమ్మతు పనికి చేతి నైపుణ్యంతో పాటు సాఫ్ట్‌వేర్, సాంకేతిక పత్రాలు కూడా అవసరమయ్యాయి. అవి ఎవరి వద్ద ఉంటే మరమ్మతు వారి చేతిలోకి వెళ్ళే స్థితి ఏర్పడింది.

తెలుగు ప్రాంతాలలో స్వతంత్ర మరమ్మతు వృత్తి ప్రధానంగా ఆటోనగర్లలో కేంద్రీకృతమై ఉంది. విజయవాడలోని జవహర్ ఆటోనగర్ వీటిలో ప్రసిద్ధమైనది. లారీ, బస్సు బాడీల నిర్మాణం, ఇంజిను పనులు, లేత్ పనులు, టింకరింగ్, పెయింటింగ్, విడిభాగాల దుకాణాలు ఇక్కడ ఒకేచోట కనిపిస్తాయి. హైదరాబాదు, విశాఖపట్నం, గుంటూరు, నెల్లూరు వంటి నగరాలలోను ఆటోనగర్లు కలవు. సికిందరాబాదులోని రాణీగంజ్ విడిభాగాల వ్యాపారానికి పేరు పొందింది.

మరమ్మతు కేంద్రాల రకాలు

* అధీకృత సర్వీస్ సెంటర్: తయారీ కంపెనీతో ఒప్పందం ఉన్న డీలరు నడిపేది. కంపెనీ శిక్షణ పొందిన సిబ్బంది, కంపెనీ ప్రత్యేక పరికరాలు, సర్వీసు మాన్యువళ్ళు ఇక్కడ ఉంటాయి. బోర్డు మీద కంపెనీ పేరున్నప్పటికీ సాధారణంగా డీలరు వేరే వ్యాపారస్థుడు. కంపెనీకి, డీలరుకు మధ్య ఉన్నది యజమాని, ప్రతినిధుల సంబంధం కాక ఇద్దరు వ్యాపారస్థుల సంబంధమైనప్పుడు, కంపెనీకి తెలియకుండా డీలరు చేసిన తప్పుకు కంపెనీని బాధ్యురాలిని చేయలేమని సుప్రీంకోర్టు 2021లో టాటా మోటార్స్ కేసులో తీర్పు చెప్పింది.
* స్వతంత్ర గ్యారేజీ: సొంతంగా నడిచేది. ఒక మెకానిక్, ఇద్దరు సహాయకులతో నడిచే షెడ్డు మొదలుకొని ఆధునిక పరికరాలున్న పెద్ద వర్క్‌షాపు వరకు అన్నీ ఈ కోవలోకి వస్తాయి. కంపెనీ సర్వీస్ సెంటర్లో ఏళ్ళ తరబడి పనిచేసి బయటకు వచ్చినవారు పెట్టిన గ్యారేజీలు కూడా వీటిలో ఉన్నాయి.
* బహుళ బ్రాండ్ల సర్వీసు గొలుసులు: బాష్ కార్ సర్వీస్ వంటివి. ఇవి ఒకే పేరుతో పలు ఊళ్ళలో అన్ని కంపెనీల కార్లకు పనిచేస్తాయి. ధరల పట్టిక, బిల్లు, పనికి హామీ ఇచ్చే పద్ధతి వీటిలో డీలర్లను పోలి ఉంటుంది. పని నాణ్యత ఆయా శాఖను బట్టి మారవచ్చును.
* ప్రత్యేక నిపుణులు: ఏ.సి., ఆటో ఎలక్ట్రికల్, డీజిల్ పంపు, రేడియేటర్, వీల్ అలైన్‌మెంట్ వంటి ఒకే పనిలో ఆరితేరినవారు. డీలర్లు, గ్యారేజీలు కూడా కొన్ని పనులను వీరి వద్దకే పంపడం కద్దు.

ఖర్చులో తేడా

అధీకృత కేంద్రంలో బిల్లు సాధారణంగా ఎక్కువ. ఈ తేడాకు మూడు కారణాలు కలవు.

మొదటిది కూలీ. డీలర్లు ఒక్కో పనికి కంపెనీ నిర్ణయించిన ప్రామాణిక సమయాన్ని గంట రేటుతో హెచ్చించి లేబర్ చార్జీ వేస్తారు. పని అంతకంటే త్వరగా ముగిసినా చార్జీ తగ్గదు. షోరూం అద్దె, పరికరాలు, శిక్షణ, కార్యాలయ సిబ్బంది ఖర్చు ఆ గంట రేటులోనే కలిసి ఉంటుంది. చిన్న షెడ్డుకు ఈ ఖర్చులు తక్కువ.

రెండవది విడిభాగాలు. అధీకృత కేంద్రం కంపెనీ పెట్టెలో వచ్చిన భాగాన్నే వాడుతుంది. స్వతంత్ర మెకానిక్ అదే నాణ్యత గల భాగాన్ని దాని అసలు తయారీదారు పేరుతో తక్కువ ధరకు తేగలడు.

మూడవది, అన్నిటికంటే ముఖ్యమైనది, పనిచేసే పద్ధతి. అధీకృత కేంద్రాలు చెడిన భాగాన్ని విప్పి బాగుచేయడం కంటే మొత్తం అసెంబ్లీని మార్చడానికే మొగ్గు చూపుతాయి. ఉదాహరణకు, బ్యాటరీని చార్జి చేసే ఆల్టర్నేటర్ పనిచేయనప్పుడు డీలరు కొత్త ఆల్టర్నేటర్ వేస్తాడు. ఆటో ఎలక్ట్రీషియన్ దానిని విప్పి, అరిగిన కార్బన్ బ్రష్షులు, బేరింగు లేదా రెగ్యులేటర్ మార్చి, ఖర్చులో కొద్ది భాగంతోనే తిరిగి పనిచేయించగలడు. కొత్త అసెంబ్లీకి కంపెనీ హామీ ఉంటుంది. బాగుచేసినదానికి మెకానిక్ మాటే హామీ. పాత కారు యజమానికి రెండవ మార్గం లాభదాయకం కాగా, దూరప్రయాణాలు ఎక్కువగా చేసేవారికి మొదటిది నిశ్చింతనిస్తుంది.

అధీకృత కేంద్రాలపై తరచూ వినిపించే విమర్శ అనవసరమైన అదనపు పనుల గురించి. కారును స్వీకరించే సర్వీస్ అడ్వైజర్ సాధారణంగా స్వయంగా పని చేసే మెకానిక్ కాదు. ఇంజిన్ ఫ్లషింగ్, థ్రాటిల్ బాడీ శుభ్రత, అడుగుభాగపు కోటింగ్, ఏ.సి. క్రిమిసంహారం వంటివాటిని అతడు సూచించినప్పుడు, అవి కారుతో ఇచ్చిన యజమాని పుస్తకంలోని సర్వీసు పట్టికలో ఉన్నవో లేవో చూసుకోవడం మంచిది. పట్టికలో లేని పనిని కారణం అడగకుండా ఒప్పుకోనవసరం లేదు. షెడ్డులపై వినిపించే విమర్శలు వేరు: అంచనా లేకుండా పని మొదలుపెట్టడం, బిల్లు ఇవ్వకపోవడం, చెప్పిన రోజుకు కారు ఇవ్వకపోవడం, నాసిరకం సామాను వేయడం.

పన్ను విషయంలో, 2025 సెప్టెంబరు 22 నుండి కారు విడిభాగాలపై జి.ఎస్.టి. 18 శాతంగా ఉంది. అంతకు ముందు చాలా భాగాలపై ఇది 28 శాతం. మరమ్మతు సేవపై కూడా 18 శాతం పన్ను వర్తిస్తుంది. రిజిస్ట్రేషను లేని చిన్న గ్యారేజీ పన్ను వసూలు చేయరాదు. అయినా పనికి, సామానుకు సాధారణ బిల్లు అడిగి తీసుకోవచ్చును.

విడిభాగాలు

మెకానిక్ "ఒరిజినల్" అన్నప్పుడు దాని అర్థం ఏమిటో తెలుసుకోవడం అవసరం. బజారులో దొరికే భాగాలు స్థూలంగా ఐదు రకాలు.

* కంపెనీ భాగాలు: కారు కంపెనీ పేరు, భాగం సంఖ్యతో దాని సొంత పెట్టెలో వచ్చేవి. వీటిని వ్యవహారంలో "జెన్యూన్" అంటారు.
* అసలు సరఫరాదారుల భాగాలు: కారు కంపెనీలు చాలా భాగాలను తాము తయారు చేయవు, ఇతర సంస్థల నుండి కొంటాయి. అవే సంస్థలు తమ పేరుతో బజారులో అమ్మే భాగాలు ఈ కోవకు చెందుతాయి. తిరుపతి ప్రాంతంలో తయారీ కేంద్రం ఉన్న అమరరాజా సంస్థ బ్యాటరీలు ఇందుకు తెలిసిన ఉదాహరణ. ఈ సంస్థ కారు కంపెనీలకు బ్యాటరీలు సరఫరా చేస్తుంది. అమరాన్ పేరుతో బయట దుకాణాలలోను అమ్ముతుంది.
* ప్రత్యామ్నాయ భాగాలు: కారు కంపెనీకి సరఫరా చేయని తయారీదారులు అదే కొలతలతో చేసి, సొంత పేరుతో అమ్మేవి. నాణ్యత తయారీదారును బట్టి ఉంటుంది.
* వాడిన భాగాలు: పాడైన కార్ల నుండి తీసినవి. తలుపులు, అద్దాలు, సీట్లు వంటివాటికి ఇవి పనికిరావచ్చును. బ్రేకులు, స్టీరింగు, ఎయిర్‌బ్యాగుల విషయంలో వీటిని వాడరాదు.
* నకిలీ భాగాలు: పేరున్న కంపెనీ పెట్టెను, లేబులును అనుకరించి అమ్మేవి. వీటిని "డూప్లికేట్" అంటారు. ఇవి చట్టవిరుద్ధం.

నకిలీ భాగాల వలన అధిక ప్రమాదం బ్రేకు ప్యాడ్లు, ఫిల్టర్లు, బేరింగులు, క్లచ్ ప్లేట్ల విషయంలో ఏర్పడుతుంది. పెట్టె మీద తయారీదారు లేదా దిగుమతిదారు పేరు, చిరునామా, తయారైన నెల, సంవత్సరం, గరిష్ఠ చిల్లర ధర ముద్రించి ఉండాలని తూనికలు కొలతల చట్టం కింద 2011లో వచ్చిన నియమాలు చెబుతున్నాయి. ఈ వివరాలు లేని పెట్టెను అనుమానించవలసి ఉంటుంది. మార్చిన పాత భాగాన్ని తిరిగి ఇమ్మని అడగడం, కొత్త భాగం పెట్టెను చూడడం రెండు రకాల కేంద్రాలలోను పాటించదగిన అలవాటు.

లోప నిర్ధారణ

ఆధునిక కారులో స్టీరింగు కింద 16 పిన్నుల సాకెట్టు ఉంటుంది. దీనికి స్కానర్ తగిలించి, కారు కంప్యూటర్లో నమోదైన లోప సంకేతాలను చదువుతారు. వీటిలో కొన్ని అన్ని కంపెనీలకు ఉమ్మడివి. ఉదాహరణకు పి0300 అనే సంకేతానికి ఇంజిను సిలిండర్లలో ఇంధనం సరిగా మండడం లేదని అర్థం. పి1తో మొదలయ్యే సంకేతాల అర్థాన్ని కారు కంపెనీలు వేర్వేరుగా నిర్ణయించుకుంటాయి. బజారులో దొరికే సాధారణ స్కానర్లు ఉమ్మడి సంకేతాలను చదవగలవు. కొత్త తాళం చెవిని కారుకు నమోదు చేయడం, కంప్యూటర్ సాఫ్ట్‌వేర్ మార్చడం, కెమెరా, రాడార్ ఆధారిత భద్రతా వ్యవస్థలను సరిచేయడం వంటి పనులకు సాధారణంగా కంపెనీ పరికరం లేదా ఖరీదైన బహుళ బ్రాండ్ పరికరం కావలసి ఉంటుంది.

అయితే స్కానర్ చూపేది లోపం ఏ వలయంలో ఉన్నదో మాత్రమే. ఏ భాగం చెడిందో అది నేరుగా చెప్పదు. ఆక్సిజన్ సెన్సార్ సంకేతం వచ్చినప్పుడు సెన్సారే చెడి ఉండవచ్చును. తీగ తెగి ఉండవచ్చును. గాలి లీకు కూడా కావచ్చును. పరీక్షించకుండా సంకేతాన్ని చూసి భాగాలు మార్చుకుంటూ పోవడం డీలరు వద్దనైనా షెడ్డులోనైనా యజమానికి నష్టమే.

బి.ఎస్.-6 కార్లలో నూనె ఎంపిక కూడా సాంకేతిక విషయమైంది. మసిని పట్టే ఫిల్టరు (డి.పి.ఎఫ్.) ఉన్న డీజిల్ కారులో తక్కువ బూడిదనిచ్చే ప్రత్యేక ఇంజిను నూనె వాడాలి. ఇతర నూనె వాడితే ఫిల్టరు క్రమంగా పూడుకుపోతుంది. యజమాని పుస్తకంలో ఇచ్చిన గ్రేడును చూసి వేసే గ్యారేజీనే ఇటువంటి కార్లకు ఎంచుకోవాలి.

వారంటీ

కొత్త కారుకు కంపెనీ సాధారణంగా రెండు లేదా మూడు సంవత్సరాలు, కొన్ని కంపెనీలు అంతకంటే ఎక్కువ కాలం వారంటీ ఇస్తాయి. దానితో పాటు కిలోమీటర్ల పరిమితి కూడా ఉంటుంది. తొలి సర్వీసులు కొన్ని ఉచితం. ఈ ఉచితం సాధారణంగా కూలీకే వర్తిస్తుంది. నూనె, ఫిల్టర్లకు డబ్బు చెల్లించాలి. విద్యుత్ కార్లలో బ్యాటరీకి వేరుగా దీర్ఘకాల వారంటీ ఉంటుంది. 8 సంవత్సరాలు లేదా 1,60,000 కిలోమీటర్లు అన్నది పలు కంపెనీలు పాటించే పరిమితి.

వారంటీ లోపాన్ని కంపెనీ ఖర్చుతో సరిచేయించుకోవాలంటే అధీకృత కేంద్రానికే వెళ్ళాలి. ఇందులో సందేహం లేదు. వివాదమంతా మరొక విషయం గురించి: సాధారణ సర్వీసును లేదా చిన్న మరమ్మతును బయట చేయించినంత మాత్రాన వారంటీ మొత్తం రద్దవుతుందా? పలు కంపెనీల వారంటీ పుస్తకాలలో అటువంటి షరతు ఉండేది. దీనిపైనే కాంపిటీషన్ కమిషన్ 2014లో నిర్ణయం వెలువరించింది.

పొడిగించిన వారంటీ వేరే విషయం. ఇది అదనపు రుసుముతో కొనుగోలు చేసే ఒప్పందం. ఇందులో ఏ భాగాలు చేరి ఉన్నాయి, సర్వీసు ఎక్కడ చేయించాలి అన్న షరతులను సంతకానికి ముందే చదువుకోవాలి.

కాంపిటీషన్ కమిషన్ ఉత్తర్వు

2011లో ఒక వినియోగదారుడు హోండా, ఫోక్స్‌వ్యాగన్, ఫియట్ కంపెనీలపై కమిషన్‌కు ఫిర్యాదు చేశాడు. ఈ కంపెనీలు విడిభాగాలను, లోప నిర్ధారణ పరికరాలను బయటి గ్యారేజీలకు అందనివ్వడం లేదని, ఫలితంగా యజమానులు అధిక ధరలు చెల్లించవలసి వస్తున్నదని అందులోని ఆరోపణ. విచారణలో ఇతర కంపెనీలలోను ఇటువంటి పద్ధతులే కనిపించడంతో కమిషన్ దర్యాప్తును 17 కంపెనీలకు విస్తరించింది.

2014 ఆగస్టు 25న కమిషన్ 14 కంపెనీలపై తుది ఉత్తర్వు ఇచ్చింది. ఒక్కొక్క కంపెనీ సగటు టర్నోవరులో 2 శాతం చొప్పున, మొత్తం సుమారు 2,544 కోట్ల రూపాయల జరిమానా విధించింది. ఈ కంపెనీలలో మారుతి సుజుకి, టాటా మోటార్స్, మహీంద్రా, టయోటా, హోండా, ఫోర్డ్ మొదలైనవి ఉన్నాయి. 2015లో హ్యుందాయ్ కంపెనీపై విడిగా సుమారు 420 కోట్ల రూపాయల జరిమానా పడింది.

కంపెనీలు ప్రధానంగా రెండు వాదనలు వినిపించాయి. కొనుగోలుదారుడు కారు ధరతో పాటు జీవితకాలపు మరమ్మతు ఖర్చును కూడా ముందే లెక్క వేసుకుంటాడు కనుక, కార్ల మధ్య ఉన్న పోటీయే విడిభాగాల ధరలను అదుపులో ఉంచుతుందన్నది మొదటిది. కమిషన్ దీనిని అంగీకరించలేదు. ఆ లెక్క వేయడానికి కావలసిన సమాచారం కొనుగోలుదారునికి అందుబాటులో లేదని, కొన్న తరువాత మరో కంపెనీ కారుకు మారడం ఎంతో ఖర్చుతో కూడిన పని అని భావించింది. కనుక ప్రతి కంపెనీ తన కార్ల విడిభాగాల బజారులో ఆధిపత్య స్థానంలో ఉన్నట్లు నిర్ణయించింది. శిక్షణ లేనివారి చేతిలో భాగాలు పడితే భద్రతకు ముప్పు అన్నది రెండవ వాదన. విడిభాగాలు, పరికరాలు ఎవరికీ అందకుండా చేయడాన్ని ఈ కారణం సమర్థించదని కమిషన్ అభిప్రాయపడింది.

ఉత్తర్వులోని ముఖ్య ఆదేశాలు ఇవి:

* విడిభాగాలను, లోప నిర్ధారణ పరికరాలను స్వతంత్ర గ్యారేజీలకు అందుబాటులో ఉంచాలి.
* అసలు సరఫరాదారులు తమ భాగాలను బహిరంగ విపణిలో అమ్ముకోవడాన్ని అడ్డుకోరాదు. మేధోసంపత్తి హక్కులు ఉన్నచోట న్యాయమైన రాయల్టీ తీసుకోవచ్చును.
* బయట మరమ్మతు చేయించారన్న ఒకే కారణంతో వారంటీ మొత్తం రద్దవుతుందన్న షరతు పెట్టరాదు. బయట జరిగిన లోపభూయిష్టమైన పని వలన కలిగిన నష్టం మేరకు మాత్రమే వారంటీ నిరాకరించవచ్చును.
* విడిభాగాల వివరాలు, ధరలు వెబ్‌సైటులో ప్రకటించాలి.

ఈ ఉత్తర్వును కంపెనీలు సవాలు చేశాయి. 2016 డిసెంబరులో కాంపిటీషన్ అప్పిలేట్ ట్రిబ్యునల్ టయోటా, ఫోర్డ్, నిస్సాన్ కంపెనీల విషయంలో కమిషన్ నిర్ణయాన్ని సమర్థిస్తూనే, జరిమానాను మొత్తం టర్నోవరుపై కాక విడిభాగాలు, సేవల టర్నోవరుపై లెక్కించాలని తగ్గించింది. విషయం అక్కడి నుండి సుప్రీంకోర్టు వరకు వెళ్ళింది. న్యాయపోరాటం ఇలా సాగడం వలన ఉత్తర్వు ఫలితం సామాన్య యజమానికి పూర్తిగా చేరలేదు. వారంటీ నిరాకరించబడినప్పుడు తన వాదనను నిరూపించుకోవలసిన భారం ఆచరణలో యజమానిపైనే పడుతుంది. అందుకే బయట చేయించిన ప్రతి పనికి తేదీ, కిలోమీటర్లు, వాడిన నూనె గ్రేడు, భాగాల పేర్లు ఉన్న బిల్లు భద్రపరచడం ముఖ్యం.

తరువాత కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జూలైలో "మరమ్మతు హక్కు"పై ఒక కమిటీని నియమించింది. అదే సంవత్సరం డిసెంబరు 24న, జాతీయ వినియోగదారుల దినోత్సవం నాడు, ఇందుకొక పోర్టల్‌ను ప్రారంభించింది. వ్యవసాయ పరికరాలు, మొబైల్ ఫోన్లు, గృహోపకరణాలతో పాటు మోటారు వాహనాలు కూడా దీని పరిధిలో ఉన్నాయి.

ఇతర దేశాలలో

అమెరికాలో 1975 నాటి మాగ్నసన్-మాస్ వారంటీ చట్టం, ఉచితంగా ఇస్తే తప్ప, ఫలానా కంపెనీ భాగాన్నే లేదా సేవనే వాడాలని వారంటీకి షరతు పెట్టడాన్ని సాధారణంగా నిషేధించింది. మసాచుసెట్స్ రాష్ట్రంలో 2012లో కార్ల మరమ్మతు హక్కు చట్టం వచ్చింది. ఐరోపా సమాఖ్యలో 2002, 2010 సంవత్సరాల నియమావళులు స్వతంత్ర గ్యారేజీలకు అనుకూలమైన మార్పులు తెచ్చాయి. 2010 నియమావళి గడువు 2028 మే 31 వరకు పొడిగించబడింది. బ్రిటన్‌లో అధీకృత కేంద్రాన్ని "మెయిన్ డీలర్" అని వ్యవహరిస్తారు. ఆ దేశం ఐరోపా సమాఖ్య నుండి బయటకు వచ్చిన తరువాత 2023 జూన్ 1 నుండి సొంత ఉత్తర్వును అమలు చేస్తున్నది. ఆస్ట్రేలియాలో 2022 జూలై 1 నుండి కారు కంపెనీలు సర్వీసు, మరమ్మతు సమాచారాన్ని స్వతంత్ర గ్యారేజీలకు సముచితమైన ధరకు అమ్మడం తప్పనిసరి. ఈ దేశాలలో నివసించే తెలుగువారికి ఆయా దేశాల నియమాలే వర్తిస్తాయి.

బీమా మరమ్మతులు

ప్రమాదంలో దెబ్బతిన్న కారును బీమా కంపెనీ జాబితాలో ఉన్న గ్యారేజీకి తీసుకువెళ్ళితే నగదు రహిత సదుపాయం లభిస్తుంది. ఈ జాబితాలలో అధీకృత కేంద్రాలతో పాటు స్వతంత్ర గ్యారేజీలు కూడా ఉంటాయి. జాబితాలో లేని గ్యారేజీలో చేయిస్తే ముందు యజమాని చెల్లించి, తరువాత బీమా కంపెనీ నుండి రాబట్టుకోవాలి. ఏ సందర్భంలోనైనా బీమా కంపెనీకి తెలిపి, సర్వేయరు చూసేవరకు కారును విప్పించరాదు.

సాధారణ సమగ్ర పాలసీలో మార్చిన భాగాల విలువ నుండి తరుగుదల మినహాయిస్తారు. రబ్బరు, ప్లాస్టిక్ భాగాలు, టైర్లు, బ్యాటరీలపై ఇది 50 శాతం, ఫైబర్ గ్లాస్ భాగాలపై 30 శాతం. అద్దాలపై తరుగుదల లేదు. లోహ భాగాలపై కారు వయసును బట్టి పెరుగుతుంది. తరుగుదల మినహాయింపు లేని అదనపు రక్షణ ఉన్న కొత్త కారుకు అధీకృత కేంద్రంలో చేయించినా యజమానిపై భారం తక్కువ. చిన్న గీతలు, సొట్టలకు క్లెయిము చేస్తే మరుసటి ఏడాది రావలసిన నో క్లెయిమ్ బోనస్ పోతుంది. అందువలన అటువంటి పనిని మంచి టింకరింగ్ షెడ్డులో సొంత ఖర్చుతో చేయించడమే లాభం కావచ్చును.

రీకాల్

తయారీలో లోపం బయటపడినప్పుడు కంపెనీ ఆ కార్లను వెనక్కు పిలిచి ఉచితంగా సరిచేయడాన్ని రీకాల్ అంటారు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం లోపమున్న వాహనాల రీకాల్‌కు ఆదేశించే అధికారం కేంద్ర ప్రభుత్వానికి వచ్చింది. సంబంధిత నియమాలు 2021 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చాయి. ఈ పని అధీకృత కేంద్రంలోనే జరుగుతుంది. ఎప్పుడూ బయట సర్వీసు చేయించేవారికి, పాత కారు కొన్నవారికి కంపెనీ సమాచారం చేరకపోవచ్చును. అటువంటివారు కంపెనీ వెబ్‌సైటులో ఛాసిస్ సంఖ్య ఇచ్చి అప్పుడప్పుడు చూసుకోవాలి. ఈ విషయంలో కారు ఎంత పాతదైనా అధీకృత కేంద్రంతో సంబంధం పూర్తిగా తెంచుకోవడం మంచిది కాదు.

ఏ పనికి ఎక్కడ

ఒకే కేంద్రానికి జీవితాంతం కట్టుబడనవసరం లేదు. పనిని బట్టి కేంద్రాన్ని మార్చుకోవచ్చును.

* అధీకృత కేంద్రం అనువైనవి: వారంటీలో ఉన్న లోపాలు, రీకాల్ పనులు, ఉచిత సర్వీసులు, సాఫ్ట్‌వేర్ మార్పులు, తాళం చెవి నమోదు, ఎయిర్‌బ్యాగులు, ఆటోమేటిక్ గేరుబాక్సు, విద్యుత్ కార్ల అధిక వోల్టేజి భాగాలు.
* స్వతంత్ర గ్యారేజీ అనువైనవి: వారంటీ ముగిసిన కార్ల నూనె, ఫిల్టర్ల మార్పు, బ్రేకు ప్యాడ్లు, క్లచ్, సస్పెన్షన్, బ్యాటరీ, బెల్టులు, రేడియేటర్, టింకరింగ్, పెయింటింగ్, కంపెనీ తయారీ ఆపివేసిన పాత కార్ల పనులు.
* నిపుణుని వద్ద అనువైనవి: ఏ.సి. గ్యాసు లీకు, ఆల్టర్నేటర్, స్టార్టర్, డీజిల్ ఇంజెక్టర్లు, వీల్ అలైన్‌మెంట్, బ్యాలెన్సింగ్.

కంపెనీ భారతదేశంలో అమ్మకాలు ఆపివేసినప్పుడు స్వతంత్ర గ్యారేజీల విలువ మరింత తెలుస్తుంది. జనరల్ మోటార్స్ 2017లో షెవర్లే కార్ల దేశీయ అమ్మకాలను ఆపింది. ఫోర్డ్ 2021లో దేశంలో కార్ల తయారీని నిలిపివేస్తున్నట్లు ప్రకటించింది. ఈ కంపెనీలు సేవలు కొనసాగిస్తామని తెలిపినప్పటికీ, డీలర్లు తగ్గిన ఊళ్ళలో యజమానులకు ఆ కార్లు తెలిసిన స్థానిక మెకానిక్కే ఆధారం.

గ్యారేజీని పరిశీలించే విధానం

* తనకున్న కారు రకంపై ఆ మెకానిక్‌కు ఎంత అనుభవం ఉన్నదో తెలుసుకోవాలి. అదే కారు ఉన్న ఇరుగుపొరుగువారిని అడగడం మేలు.
* తొలిసారి పెద్ద పని అప్పగించక, నూనె మార్పు వంటి చిన్న పనితో పరీక్షించాలి.
* పని మొదలుకాక ముందే కూలీ, సామాను విడివిడిగా చూపిన అంచనాను రాయించుకోవాలి. అధీకృత కేంద్రంలో దీనిని జాబ్ కార్డు మీద రాస్తారు. ఖాళీ జాబ్ కార్డుపై సంతకం చేయరాదు.
* అంచనా దాటే పని ఏదైనా ఫోను చేసి అడిగిన తరువాతే చేయాలని ముందే చెప్పాలి.
* కారు అప్పగించేటప్పుడు కిలోమీటర్లు, ఇంధనం స్థాయి, గీతలు, సొట్టల ఫొటోలు తీసుకోవాలి.
* పెద్ద ఖర్చు చెప్పినప్పుడు మరొక కేంద్రంలో రెండవ అభిప్రాయం తీసుకోవాలి. డీలరు చెప్పిన అంచనాను మంచి మెకానిక్‌కు చూపడం, మెకానిక్ చెప్పినదానిని డీలరు వద్ద సరిచూడడం రెండూ ఉపయోగకరమే.
* పని అయ్యాక మెకానిక్‌ను పక్కన కూర్చోబెట్టుకుని కారు నడిపి చూసి, ఆ తరువాతే సొమ్ము చెల్లించాలి.

సర్వీసు చరిత్ర కారును తిరిగి అమ్మేటప్పుడు కూడా అక్కరకు వస్తుంది. కొనేవారు కంపెనీ సర్వీసు రికార్డుకు ఎక్కువ విలువ ఇస్తారు. అది లేనిచోట వరుసగా దాచిన గ్యారేజీ బిల్లులు చాలావరకు ఆ లోటును తీరుస్తాయి.

వివాద పరిష్కారం

లోపభూయిష్టమైన మరమ్మతు "సేవాలోపం" కిందకు వస్తుంది. ఇది అధీకృత కేంద్రానికి, స్వతంత్ర గ్యారేజీకి సమానంగా వర్తిస్తుంది. 2020 జూలై 20 నుండి అమలులోకి వచ్చిన వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం, అందించిన సేవకు బిల్లు ఇవ్వకపోవడం కూడా అనుచిత వ్యాపార పద్ధతి. మొదట గ్యారేజీకి లేదా డీలరుకు, అవసరమైతే కారు కంపెనీకి రాతపూర్వకంగా తెలపాలి. ఫలితం లేనప్పుడు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేయవచ్చును. చెల్లించిన ప్రతిఫలం 50 లక్షల రూపాయలు మించని ఫిర్యాదులను జిల్లా వినియోగదారుల కమిషన్ విచారిస్తుంది. ప్రతిఫలం 5 లక్షల వరకు ఉన్న ఫిర్యాదులకు రుసుము లేదు. సమస్య తలెత్తిన రెండు సంవత్సరాలలోగా ఫిర్యాదు చేయాలి. న్యాయవాది లేకుండా వినియోగదారుడే స్వయంగా వాదించుకోవచ్చును. బిల్లు, అంచనా పత్రం, ఫొటోలు, మార్చిన పాత భాగం ఇటువంటి సందర్భాలలో సాక్ష్యాలుగా పనికివస్తాయి.

ఇవి కూడా చూడండి

* వినియోగదారుల రక్షణ చట్టం
* కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా
* మోటారు వాహనాల చట్టం
* ఆటోనగర్
* మోటారు బీమా